వెనక చక్రాల బండి కొన్న నియాపావ్

మా కొండ మీదికి కొత్త మనిషి వస్తే ముందు ఇంటిపేరు అడుగుతాం, ఆ వెంటనే బండి ఏమిటని అడుగుతాం. యాంగ్ అనో థావ్ అనో చెబితే వాడికి ఎవరి పిల్లనివ్వచ్చో తెలుస్తుంది. బండి రెండు లాగేదో నాలుగు లాగేదో చెబితే వానాకాలంలో వాడితో పని ఉంటుందో ఉండదో తెలుస్తుంది. పికప్ బండిలో ఇంజను బలం వెనక చక్రాలకే పోతే అది రెండు లాగేది. ముందు చక్రాలకు కూడా పోతే నాలుగు లాగేది. ఇంతే తేడా. ఈ మాత్రం తేడాకి థాయ్ దేశపు కొండల్లో ఉన్న మా హ్మోంగ్ తెగ ఊళ్ళో వియ్యంకులు కొత్త సంవత్సరం పండక్కి ఒకరింటికి ఒకరు వెళ్ళడం మానేశారు.

"బురదలో గేదె నడుస్తుందా, కోడి నడుస్తుందా? కాళ్ళు లెక్కపెట్టుకో" అంటారు నాలుగు లాగేవాళ్ళు. "వెనకాల ఎరువు బస్తాలు నిండా వేసుకుంటే ఆ బరువుకి వెనక చక్రాలే నేలని కరుచుకుంటాయి. ఉత్త బండి వేసుకుని పైకొచ్చే సోమరివాడికి కావాలి మీ నాలుగు" అంటారు రెండు లాగేవాళ్ళు. ఇద్దరూ చెప్పేది నిజమే. అందుకే ఆ గొడవ తెగదు.

మా పెదనాన్న కొడుకు నియాపావ్ రెండు లాగేది కొన్నాడు. బుద్ధిలేక కొన్నాడని ఇప్పటికీ కొందరు అంటుంటారు. ఆ మాట చెవిన పడితే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఇదంతా చెబుతున్నాను.

అతని తల్లి మై జువా నాకు పెద్దమ్మ. పెదనాన్న తను కొడుతున్న చెట్టు కిందే పడి చనిపోయేనాటికి నియాపావ్ ఇంకా వీపున కట్టుకునే పిల్లాడు. మా ఆచారం ప్రకారం ఆమెను మరిదికి, అంటే మా నాన్నకి, కట్టబెట్టాలని పెద్దలు కూర్చున్నారు. పెద్దమ్మ చేలోంచి కొడవలితో సహా వచ్చి, "నాకు కొడుకున్నాడు, చాలు. ఈయన్ని ఈయన పెళ్ళానికే ఉంచండి" అని చెప్పి మళ్ళీ చేలోకి వెళ్ళిపోయింది. మా అమ్మ ఆ మేలు మర్చిపోలేదు. బతికినంతకాలం ఏటా ఆ ఇంటికి ఒక పందిపిల్లని పంపేది.

అప్పట్లో కొండకి రోడ్డు లేదు. గుర్రం ఉన్నవాళ్ళు గుర్రం మీద మోసేవాళ్ళు, లేనివాళ్ళు వాళ్ళే మోసేవాళ్ళు. పెద్దమ్మ కొడుకుని ముందు కట్టుకుని, వెనక బుట్ట తగిలించుకుని మొక్కజొన్న దించేది, ఉప్పు ఎక్కించేది. ముసలితనంలో ఆమె ఊపిరితిత్తులు చెడిపోయాయి. పొయ్యి పొగ వల్ల అన్నాడు డాక్టరు. నాలుగు మాటలు మాట్లాడితే చాలు, చేపలా నోరు తెరిచేది. ఆసుపత్రి కింద మైదానంలో ఉంది. మాటిమాటికీ దించాలి, ఎక్కించాలి.

నియాపావ్‌కి అప్పుడు సొంత బండి లేదు. అతని భార్య పాహువాకి తమ్ముడున్నాడు, వామెంగ్ అని. వాడిది నాలుగు లాగే బండి, ముందు ఒకే వరస సీటు, వెనకంతా క్యాబేజీలకి. ఒకసారి పెద్దమ్మకి ఆయాసం ఎక్కువై కూర్చోలేకపోయింది. కూర్చోలేని మనిషికి ముందు సీటు దేనికి? వెనక పరుపు వేసి, పైన పట్టా కప్పి, పక్కన నియాపావ్ కూర్చుని దించాడు. దారిలో వాన పట్టుకుంది. బండి ఎక్కడా జారలేదు, ఆగలేదు, వామెంగ్ పొగరుగానే నడిపాడు. కానీ ఆసుపత్రి చేరేసరికి పట్టా కింద నీళ్ళు, ఆ నీళ్ళలో క్యాబేజీ ఆకులు, ఆ ఆకుల మధ్య పెద్దమ్మ. అక్కడి నర్సమ్మ చూసి, "మీ కొండ మీద పందినైనా దీనికంటే పొడిగా దించుతారు కదా నాన్నా" అంది. ఆవిడ తిట్టాలని అనలేదు. జాలిపడే అంది. నియాపావ్ మాత్రం ఆ రాత్రంతా వరండాలో గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

క్యాబేజీ బాగా పలికిన ఏడాది బండి కొనడానికి దిగాం. నియాపావ్, పాహువా, వామెంగ్, నేను. షోరూములో థాయ్ కుర్రాడు నవ్వుతూ చుట్టూ తిరుగుతున్నాడు. నియాపావ్ దగ్గరున్న డబ్బుకి రెండే దారులు. నాలుగు లాగేది కావాలంటే ఒకే వరస సీటు. రెండు వరసల సీట్లు, నాలుగు తలుపులు కావాలంటే రెండు లాగేది. రెండూ కలిసిన బండి ఉంది కానీ, దాన్ని చూడటానికే అతను దగ్గరికి వెళ్ళలేదు.

"బావా, కొండ మీద ఉంటావా, కింద ఉంటావా? ముందది తేల్చుకో" అన్నాడు వామెంగ్.

"ఆయనకి తేల్చుకోవడం వస్తే ఇంకేం? నన్నడగడానికి మా పంచ చుట్టూ ఎన్ని పండగలు తిరిగాడో నీకు తెలీదా?" అంది పాహువా. "ఏవండీ, నాలుగు లాగేదే తీసుకోండి. మా నాన్నకీ అదే, తమ్ముడికీ అదే. వానలో ఎవర్నీ బతిమాలే పని ఉండదు."

నియాపావ్ నాలుగు తలుపుల బండి వెనక తలుపు తెరిచాడు. చెప్పులు విడిచి వెనక సీటు మీద పొడుగ్గా పడుకున్నాడు. మోకాళ్ళు ముడిచాడు, మళ్ళీ చాపాడు, కళ్ళు మూసుకున్నాడు. షోరూము కుర్రాడి నవ్వు కాస్త తగ్గింది.

"లేవండి, పరువు తీయకండి" అంది పాహువా.

"అమ్మ నాకంటే పొట్టి. పడుతుంది" అన్నాడు నియాపావ్ లేవకుండానే.

"అత్తమ్మ పడుతుందిలే బావా. బండే పైకి రాదు" అన్నాడు వామెంగ్.

జీవితంలో ఒక్కసారి నియాపావ్ క్షణంలో తేల్చుకున్నాడు. అదీ ఊరంతా తప్పుపట్టేదాన్ని.

తర్వాత ఎండాకాలం, చలికాలం బాగానే గడిచాయి. వానల్లో వెనక చక్రాలకి గొలుసులు చుట్టి, బస్తాలు వేసుకుని, ఆగుతూ సాగుతూ ఎక్కేవాడు. పెద్దమ్మ వెనక సీటులో దుప్పటి కప్పుకుని పడుకుని, అద్దంలోంచి చెట్లు తలకిందులుగా పోతుంటే చూసేది. మురిసిపోయేది. ఆ సుఖం ఆమెకి దక్కింది. అది కాదనే హక్కు ఎవరికీ లేదు.

ఒక ఏడు వానలు ఎంతకీ పోలేదు. వెళ్ళిపోవాల్సిన నెలలో కొండ మీదే కూర్చున్నాయి. పెద్దమ్మ ఆసుపత్రిలో ఉంది. పొద్దున్నే డాక్టరు నియాపావ్‌ని పక్కకి పిలిచి, "ఇంక మేం చేసేది లేదు. ఇంటికి తీసుకెళ్ళాలనుకుంటే ఇవాళే తీసుకెళ్ళండి" అన్నాడు. మా వాళ్ళ సంగతి ఆయనకి తెలుసు. పెద్దమ్మ కూడా విన్నది. కొడుకు చెయ్యి పట్టుకుని, "నన్ను ఇంట్లో పోనియ్యి. బయట పెట్టకు" అంది. ఆ తర్వాత ఆమె ఊపిరి మాటలకి సరిపోలేదు.

మా ఇళ్ళలో బయట ఊపిరి పోయిన మనిషిని గడప దాటనివ్వరు. వాకిట్లో పందిరి వేసి అక్కడే ఉంచుతారు. ఇంటి పెద్దలు, అంటే పోయినవాళ్ళు, ఆ ఆత్మని గుర్తుపట్టరని, ఎవరిదీ కాకుండా దారుల్లో తిరుగుతుందని నమ్మకం. వర్షంలో పట్టా కింద పడుకోబెట్టిన శవాల్ని చూశాను నేను. ఈ ఆచారం మంచిదా చెడ్డదా అని నన్నడక్కండి. నేను పెట్టింది కాదు. కొడవలి పట్టుకుని పెద్దలకి ఎదురుచెప్పిన మనిషి, పోయేటప్పుడు ఆ పెద్దల దగ్గరికే పోవాలనుకుంది.

వెనక సీటులో పెద్దమ్మని పడుకోబెట్టాం. ఆమె తల నా ఒళ్ళో, ఆసుపత్రివాళ్ళిచ్చిన ఆక్సిజన్ సిలిండర్ నా కాళ్ళ మధ్య. నియాపావ్ నడిపాడు. తారు రోడ్డు ఉన్నంతవరకూ బండి పూలరథంలా పోయింది. నియాపావ్ వెనక్కి తిరక్కుండా, "ఉందా?" అని అడిగేవాడు. "ఉంది" అనేవాణ్ణి. మాకు వేరే మాట లేదు.

ముందే ఫోను చేసి చెప్పడంతో, తారు అయిపోయేచోట వామెంగ్ తన బండితో కాచుకుని ఉన్నాడు. పక్కన మా యాంగ్‌లలో పెద్దవాడు చియాకువా తాత, ఒళ్ళో గుడ్డసంచి. ఆ సంచిలో చీల్చిన గేదెకొమ్ము ముక్కలు రెండుంటాయి. పూర్వీకుల్ని ఏదైనా అడగాలంటే వాటిని నేల మీద వేసి చూస్తాడు. వాన ఆగలేదు. ఎదురుగా ఎర్రమట్టి ఎక్కుడు సబ్బుముద్దలా మెరుస్తోంది.

"బావా, నా బండిలోకి మార్చు. ముందు సీటులో నువ్వు ఒళ్ళో పెట్టుకో. అరగంటలో ఇంట్లో ఉంటాం" అన్నాడు వామెంగ్. ఆ రోజు వాడి గొంతులో వెక్కిరింత లేదు.

నియాపావ్ తల్లి భుజాల కింద చేతులు వేసి కొంచెం లేపాడు. లేపీ లేపగానే ఆమె కళ్ళు పైకి తిరిగాయి, పెదాలు నీలంగా అయ్యాయి. గొంతులోంచి వచ్చిన చప్పుడు విని వామెంగ్ రెండడుగులు వెనక్కి వేశాడు. మళ్ళీ పడుకోబెట్టాం. ఊపిరి తిరిగి అందుకునేదాకా ఎవరం కదల్లేదు.

"పడుకునే రావాలి. వెనక వానలో వెయ్యను. ఇంకోసారి వెయ్యను" అన్నాడు నియాపావ్.

"అయితే నీ బండిని నేను లాగుతాను. ఇనుప తాడు ఉంది" అన్నాడు వామెంగ్.

ఖాళీ రెండు లాగే బండిని లాగినా ప్రయోజనం లేదు, వెనక బరువుండాలి. ధర పడిపోయి ఎవరో రోడ్డు పక్కన పారబోసిన క్యాబేజీల గుట్ట ఉంది, సగం కుళ్ళింది. నియాపావ్ ఆ గుట్ట మీద పడ్డాడు. రెండు చేతులా తీసి వెనక్కి విసురుతున్నాడు. వామెంగ్ కలిశాడు. చియాకువా తాత పంట్లాం పైకి మడిచి కలిశాడు. అక్కడ టీ తాగుతున్న థాయ్ బేరగాళ్ళు కూడా ఎందుకని అడక్కుండా వచ్చి విసిరారు. అమ్ముడుపోని క్యాబేజీల మీద ఎవరైనా అంత ఆశ పెట్టుకోవడం నేను చూడలేదు. నేను లోపల పెద్దమ్మ తల పట్టుకుని, వెనక ధబ్ ధబ్ మని పడే ఒక్కొక్క కాయకీ బండి కాస్త కుంగుతుంటే, "ఇంకా వెయ్యండి, ఇంకా" అనుకుంటున్నాను.

గొలుసులు చుట్టారు. తాడు కట్టారు. ఎక్కాం.

మొదటి మలుపు దాటాం. రెండోదీ దాటాం. ముందు వామెంగ్ బండి నాలుగు చక్రాలతో మట్టి ఎగజిమ్ముతోంది, ఆ మట్టంతా మా అద్దం మీదే పడుతోంది. నియాపావ్ కిటికీలోంచి తల బయటపెట్టి నడుపుతున్నాడు. "ఉందా?" "ఉంది." "ఉందా?" "ఉందన్నా, నడుపు." అతను ఏడుస్తున్నాడో వాన నీళ్ళో తెలియడం లేదు. నాకు మాత్రం నమ్మకం కుదురుతోంది. దేవుళ్ళు, పెద్దలు, క్యాబేజీలు, ఎవరైతేనేం, ఎక్కిస్తున్నారు కదా అనుకున్నాను.

సగం కొండ దాటాక గుర్రం మెడ అనే వంపు వస్తుంది. అక్కడ నిటారుగా ఎక్కుతూనే మెలి తిరగాలి. వెనక చక్రాలు తోస్తాయి, ముందు చక్రాలు మాట వినవు, రెండు లాగే బండి గుణమే అది. మా బండి ముక్కు తిరక్కుండా తిన్నగా గట్టుకేసి పోయింది. తాడు పక్కకి లాగింది. వామెంగ్ బండి ఉత్తది, బరువులేనిది. వాడి నాలుగు చక్రాల గాడులూ అప్పటికే మట్టితో పూడిపోయి నున్నటి డబ్బాల్లా ఉన్నాయి. మా బరువుకి వాడి బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. నాలుగూ ముందుకే తిరుగుతున్నాయి, బండి వెనక్కే వస్తోంది. వామెంగ్ మొహం వాడి బండి పక్క అద్దంలో కనిపించింది. నాలుగు లాగే బండి వెనక్కి జారుతుందని వాడు ఆ క్షణం వరకూ నమ్మలేదు.

మా బండి వంపు లోపలి వైపు, బండ్లు ఆపుకుని గొలుసులు చుట్టుకునే చదును నేలలోకి జారి, గట్టుకి వీపు ఆనించి ఆగింది. వామెంగ్ బండి రోడ్డుకి అడ్డంగా తిరిగి, ముందు చక్రం కాలవలో దిగబడింది. ఇంజన్లు ఆపాక వాన చప్పుడు ఒక్కటే వినిపించింది.

"ఉందా?"

"ఉంది. సిలిండర్ ముల్లు కిందికొచ్చేసింది అన్నా."

దుప్పటిని కర్రకి కట్టి డోలీ చేసి మోద్దామన్నారు. ఆమెను డోలీలోకి దించి నాలుగడుగులు వేశామో లేదో అదే చప్పుడు, అదే నీలం రంగు. కాలు జారి వామెంగ్ మోకాళ్ళ మీద పడ్డాడు. ఊరు ఇంకా చాలా పైనుంది. తిరిగి సీటు మీదే పడుకోబెట్టాం. సిలిండర్ బుస్సుమనడం మానేసింది. నియాపావ్ బండి చక్రం పక్కన బురదలో కూలబడి తల టైరుకేసి కొట్టుకున్నాడు.

"కళ్ళు నెత్తికెక్కి కొన్నాను. నీ మాట వినుంటే... చెప్పావుగా, బండే పైకి రాదని చెప్పావుగా!"

"నాదీ రాలేదుగా బావా! ఊరుకో. ఊరుకో నువ్వు" అని వామెంగ్ గట్టిగా అరిచాడు. వాడికీ ఏడుపు తన్నుకొస్తోంది.

చియాకువా తాత ఇవేవీ పట్టించుకోకుండా ఆ చదును నేల చుట్టూ నడుస్తున్నాడు. గట్టు చూశాడు, లోయ వైపు చూశాడు. కాలితో మట్టిని తన్ని చూశాడు.

"ఇల్లంటే ఏంట్రా?" అన్నాడు ఉన్నట్టుండి.

నియాపావ్ తల ఎత్తాడు.

"నా చిన్నప్పుడు భూమి సారం పోయినప్పుడల్లా కొండ మారేవాళ్ళం. మా అయ్య ఎక్కడ నాలుగు గుంజలు పాతి, పొయ్యి వెలిగించి, పెద్దల్ని పేరుపెట్టి పిలిస్తే అదే ఇల్లు. పిలిస్తే వచ్చేవాళ్ళు. మరిప్పుడు రారా?" ఆయన సంచిలో చెయ్యి పెట్టాడు. "కత్తులు తియ్యండి. వెదుళ్ళు నరకండి. మనిషి పైకి పోలేకపోతే ఇల్లే కిందికొస్తుంది."

నరికాం. ఎలా నరికామో నాకు సరిగ్గా గుర్తులేదు. గట్టు మీది వెదుళ్ళు నరికి గుంజలు పాతాం. బురదలో గుంజ నిలవకపోతే రాళ్ళు దోపాం. రోడ్డుకి అడ్డంగా వామెంగ్ బండి ఉండటంతో కింద నుంచి వచ్చిన ఇంకో బండి ఆగిపోయింది. పక్క ఊరి లీ ఇంటిపేరు వాళ్ళది.

"ఏమయ్యా, దారి మధ్యలో ఇల్లు కడుతున్నారేంటి? పిచ్చా?" అని అరిచారు.

"లోపల మా అమ్మ పోతోంది" అన్నాడు నియాపావ్.

వాళ్ళు బండి దిగారు. తమ బండి మీది పట్టా విప్పి తెచ్చి కప్పుకి కట్టారు. మా ఇళ్ళకి ప్రాణమైన నడిమి స్తంభానికి తగిన మాను దొరకలేదు. చియాకువా తాత బండి వెనకున్న ఇనుప చట్రాన్ని తట్టి, "ఇదే స్తంభం" అన్నాడు. బండి మొత్తం ఇంటి లోపలికొచ్చింది, దాని వెనక తలుపు తెరిచి ఉంది, పెద్దమ్మ సీటు మీదే ఉంది. పొయ్యికి మూడు రాళ్ళు పెట్టాం.

తాత కొమ్ము ముక్కలు వేశాడు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే పెద్దలు ఒప్పుకున్నట్టు. రెండూ బోర్లా పడ్డాయి.

మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే.

"ఏం కావాలట?" అన్నాడు నియాపావ్.

తాత చాలాసేపు ఆ ముక్కల్నే చూశాడు. "పైన నీ పొయ్యి మండుతోందిరా. వాళ్ళు అక్కడ కూర్చున్నారు. ఒక మనిషికి రెండిళ్ళేంటని అడుగుతున్నారు. ఇది ఆటకా, నిజానికా అని అడుగుతున్నారు."

అక్కడ ఫోను అందుతుంది. నేనే పాహువాకి చేశాను. జరిగింది చెప్పాను. పొయ్యిలో నిప్పు, ఒక పుంజు, పెద్దల పేర గోడకి అతికించే బంగారు కాగితం పట్టుకుని రమ్మన్నాను. ఆమె అంతా విని, "ఆయనకివ్వు" అంది. నియాపావ్ ఫోను చెవిన పెట్టుకున్నాడు. ఆమె గొంతు మాకూ వినపడుతోంది.

"నిప్పు తెస్తాను. పైన పొయ్యి ఉంచి తేనా, ఆర్పి తేనా?"

ఇంతే అడిగింది. మా వాళ్ళలో పొయ్యి ఆర్పి నిప్పు తీసుకుపోవడమంటే ఆ ఇంటిని వదిలేయడం. ఆ ఇల్లు పెద్దమ్మ చేతులతో కట్టింది. పిల్లలు పుట్టింది అక్కడ, చేలున్నది అక్కడ. ఇక్కడున్నది వంపు, గట్టు, బురద.

నియాపావ్ తల్లి వైపు చూశాడు. ఆమె ఛాతీ లేస్తోంది, చాలాసేపటికి ఒకసారి.

"ఆర్పెయ్యి" అన్నాడు.

పాహువా, "నీళ్ళు పోసి ఆర్పుతాను. మళ్ళీ అంటుకోకుండా. ఆవిడని ఆపండి, నేనొచ్చేదాకా ఆపండి" అంది.

ఎలా ఆపుతాం? నియాపావ్ సీటు అంచున కూర్చుని తల్లి చెవిలో మాట్లాడుతూనే ఉన్నాడు. ఏవో చిన్నప్పటి సంగతులు, ఏ కోడి ఎన్ని గుడ్లు పెట్టింది, ఏ చేలో ఏం వేశాం. నేను ఆమె పాదాలు రుద్దుతూ కూర్చున్నాను, అవి చల్లబడుతున్నాయి. వామెంగ్ రోడ్డు మీదికీ లోపలికీ తిరుగుతూ, "అక్క రావాలి, అక్క రావాలి" అని గొణుగుతున్నాడు. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య మేమందరం మా ఊపిరి కూడా బిగబట్టాం. నా జీవితంలో అంత పొడుగు సమయం ఇంకోటి లేదు, ఉండకూడదు కూడా.

పాహువా నడిచి రాలేదు, బురదలో జారుతూ వచ్చింది. చీలమండల నుంచి నడుము దాకా ఎర్రమట్టి. వీపున బుట్టలో పుంజు, రెండు చేతుల మధ్య మూకుడు మూసిన కుండ, ఆ కుండని పొట్టకి హత్తుకుని వచ్చింది. చేతులు బొబ్బలెక్కాయి. మూడు రాళ్ళ మధ్య నిప్పు కుమ్మరించి, తడిసిన వెదురు ముక్కలు పేర్చి, బోర్లా వంగి ఊదింది. పొగ లేచింది. పట్టా కింద నిండిపోయింది.

తాత పుంజు నెత్తురుతో బంగారు కాగితాన్ని బండి వెనక అద్దానికి అతికించి, ఒక ఈక గుచ్చాడు. యాంగ్‌ల పెద్దలందర్నీ ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాడు. "మై జువా కొడుకు నియాపావ్ పొయ్యి ఇక్కడే మండుతుంది. పైన ఆరిపోయింది. ఇతను ఇక్కడే ఉంటాడు, ఇతని పెళ్ళాం పిల్లలు ఇక్కడే ఉంటారు. రండి" అన్నాడు. కొమ్ము ముక్కలు వేశాడు.

ఒకటి వెల్లకిలా పడింది. ఒకటి దొర్లుతూ పోయి, చక్రానికి తగిలి, బోర్లా పడింది.

పొగకి పెద్దమ్మకి దగ్గు వచ్చింది. పొద్దుట్నుంచి తెరవని కళ్ళు తెరిచింది. పైన పట్టానీ, అద్దానికున్న కాగితాన్నీ, మంట వెలుగులో పాహువా మొహాన్నీ చూసింది. ఏం అనుకుందో నాకు తెలియదు.

"పొగ... తలుపు తియ్యవే" అంది కోడలితో.

అక్కడ తలుపు లేదు. పాహువా లేచి వెళ్ళి వేలాడుతున్న పట్టా అంచుని పైకెత్తి పట్టుకుంది. "తీశానత్తమ్మా" అంది. పట్టాని అలా ఎత్తి పట్టుకునే ఉంది. కాసేపటికి నియాపావ్ నన్ను, "ఉందా?" అని అడిగాడు. నేను లేదని చెప్పాను.

చావు డోలు బండి చట్రానికే కట్టాం. వెదురు వాద్యం ఊదేవాళ్ళు పై నుంచి దిగి వచ్చారు. ఊరంతా దిగింది. పోయినవాళ్ళకి పెద్దల దగ్గరికి దారి చెప్పే పాట ఆ పట్టా కిందే పాడారు. ఒక్కరు కూడా దాన్ని పందిరి అనలేదు, ఇల్లనే అన్నారు.

వానలు పోయాక నేల గట్టిపడింది. నియాపావ్ పై ఇంటి చెక్కలు విప్పి తెచ్చి బండి చుట్టూ గోడలు కడుతున్నాడు. రోజూ చేలకి నడిచి ఎక్కుతున్నాడు, క్యాబేజీ మళ్ళీ వీపున మోస్తున్నాడు. వంపులో తిరిగే బండ్లన్నీ అతని గుమ్మంలో దుమ్ము పోసి పోతున్నాయి. పాహువా పొద్దస్తమానం ఆ దుమ్ము ఊడుస్తూ, ఆయన్నీ ఆ బండినీ కలిపి తిడుతోంది. చేతుల మీద బొబ్బల మచ్చలు పోలేదు.

ఒకరోజు వామెంగ్ తన బండి కింద ఆపి, ఇనుప తాడు భుజాన వేసుకుని వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"బావా, ఇప్పుడు నేల రాయిలా ఉంది. ఒక్క లాగుకి వచ్చేస్తుంది. ఎన్నాళ్ళని వీపున మోస్తావు? స్తంభానికి మంచి మాను నేను తెస్తాను."

నియాపావ్ మేకు కొట్టడం ఆపాడు. తాడు వైపు చూశాడు. లోపల పాహువా ఊడవడం కూడా ఆగింది.

"ఆ స్తంభం కిందే అమ్మ పోయింది వామెంగ్. దాన్ని లాగేస్తే ఇది ఇల్లు కాదు. ఇల్లు కాకపోతే మా అమ్మ రోడ్డు మీద పోయినట్టు."

వామెంగ్ తాడు చుట్టుకుని కిందికి దిగిపోయాడు.